పది రూపాయల టీ గురించి కాంట్రాక్టు చట్టం గారికి

గౌరవనీయులైన 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం గారికి,

అనంతపురం నుంచి, ఇంకా రూము దొరకని, లాయర్ల బార్ పరీక్ష రాయబోయే అభ్యర్థి నమస్కరించి రాయునది.

మంగళవారం సాయినగర్‌లో మేడమీద రూము చూశాను. అద్దె ఐదు వేలు. "శుక్రవారం దాకా ఎవురికీ ఇయ్యను నాయనా, మాటంటే మాటే" అన్నాడు ఓనరు. గురువారం మధ్యాహ్నం అడ్వాన్సు జేబులో పెట్టుకుని పోతే, ఆటోలోంచి ఎవరిదో మడత మంచం దించుతున్నారు. "వాళ్లు ఐదొందలు ఎక్కువిస్తామన్నారు, నువ్వు ఇంకోటి చూసుకో" అన్నాడు, మెట్లు కూడా దిగకుండా. ఆ ఎండలో పుస్తకాల సంచి మోసుకుంటూ సప్తగిరి సర్కిల్ దాకా నడిచాను.

నీడ చూసుకుని మిమ్మల్నే తెరిచాను. తీరా చూస్తే మీరూ ఓనరు పక్షమే! నేను "సరే" అని చెప్పేలోపు ఆయన తన ప్రతిపాదన వెనక్కి తీసుకోవచ్చని 5వ సెక్షన్. మరి శుక్రవారం దాకా ఆగుతానన్న మాట? ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదని 25వ సెక్షన్. 1876లో ఇంగ్లండులో ఇల్లు కొనబోయిన డికిన్సన్‌కీ ఇదే గతి. శుక్రవారం పొద్దున 9 దాకా ఆగుతానని రాసిచ్చిన డాడ్స్, గురువారమే ఇల్లు ఇంకొకరికి అమ్మేశాడు. కోర్టులో డికిన్సనే ఓడిపోయాడు. మా ఇద్దరికీ శుక్రవారాలు అచ్చిరాలేదు.

సరే, ప్రతిఫలం ఎంతుండాలి? వెయ్యి రూపాయల గుర్రాన్ని ఇష్టపడి పదికే అమ్మినా చెల్లుతుందని ఉదాహరణ ఇచ్చింది మీరే. (150 ఏళ్లు దాటినా మీ ఉదాహరణల్లోని ఏ, బీ అనే మనుషులు గుర్రాలూ నీలిమందే అమ్ముకుంటున్నారు. ఒక్కడూ అద్దె రూము వెతకడు.) అంటే పది చాలు. ఆ మంగళవారం ఓనరుకి టీ ఇప్పించాను సార్! అల్లం టీ! సరిగ్గా పది రూపాయలు!

కానీ 2(డి) సెక్షన్ ఉందిగా. మాటిచ్చినవాడు కోరితే చేసిందే ప్రతిఫలం. ఆయన కోరలేదు, నేనే మర్యాదకు ఇప్పించాను. "టీ ఇప్పించు, శుక్రవారం దాకా ఆపుతా" అని ఆ పెద్దమనిషి ఒక్క ముక్క అనుంటే, ఇప్పుడు నా చాప ఆ రూములో ఉండేది. ఏం చట్టమయ్యా నువ్వు? గుర్రానికున్న విలువ మర్యాదకు లేదా?

పరీక్షలో నిన్ను పక్కన పెట్టుకునే రాయనిస్తారు కాబట్టి ఊరుకుంటున్నా.

నిన్న టవర్ క్లాక్ దగ్గర ఓనరు మళ్లీ కనపడ్డాడు. "ఏం నాయనా, టీ ఇప్పించవా?" అన్నాడు.

కోరాడు. ఇప్పుడు కోరాడు!

ఇట్లు,
తమ విధేయ విద్యార్థి