ఒకే లెక్క అన్ని సైకిళ్లకూ కుదరదు
కాలి లోపలి పొడవును (గజ్జల నుంచి నేల దాకా) 0.883తో గుణిస్తే వచ్చేదే ఏ సైకిలుకైనా సరైన సీటు ఎత్తు అని సీటు ఎత్తుపై వచ్చిన వ్యాసంలో రచయిత అన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఆ పొడవు 80 సెంటీమీటర్లున్న మనిషికి పెడళ్ల కడ్డీలు రెండూ తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా సుమారు 70.6 సెంటీమీటర్లు వస్తుంది. సాగర్ రోడ్డుపై ఆగకుండా సాగే రోడ్డు సైకిలుకు అది మంచి ఆరంభమే. కానీ నల్గొండ క్లాక్ టవర్ దగ్గరి రద్దీలో, క్యారియర్‌పై బియ్యం సంచితో, అడుగడుగునా ఆగుతూ వెళ్లేవారికి కాలు నేలకు అందడమే ముఖ్యం కనుక కాస్త దించుకోవడమే మేలు. గుట్టల బాటల్లో దిగేటప్పుడైతే సీటు ఇంకా కిందికి ఉండాలి, లేకుంటే ఒంటిని వెనక్కు జరుపుకొనే చోటే దొరకదు. నా మట్టుకు నేను మడమ పద్ధతినే నమ్ముతాను: రోజూ తొడిగే చెప్పులతోనే కూర్చొని, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దానిపై మడమ ఆనిస్తే కాలు నిటారుగా చాచుకోవాలి, అప్పుడు మునిపాదంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు మరీ తగ్గితే మోకాలి ముందు భాగం, మరీ పెరిగితే వెనక భాగం నొప్పి పుడుతుంది, పైగా తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంది. వ్యాసం వదిలేసిన మరో సంగతి, సీటు గొట్టంపై చెక్కి ఉండే గీత బయటికి కనిపించేంత ఎత్తుకు దాన్ని ఎన్నడూ లేపకూడదు.