నకిలీ కాసు తరఫున వకాల్తా

బంగారం ధర పెరిగిన ప్రతిసారీ ఒక వర్గానికి మాత్రం తీరని అన్యాయం జరుగుతోంది. ఆన్‌లైన్‌లో అమ్ముడుపోయే నకిలీ బంగారు కాసుల సంగతే మేం చెబుతున్నది. కొన్నవాళ్లు శాపనార్థాలు పెడతారు. కురుపాం మార్కెట్‌లో కంసాలి చేతిలోకి తీసుకుంటూనే పెదవి విరుస్తాడు. మనం పెట్టే పరీక్షల సిలబస్ అంతా చదువుకుని, ఫస్ట్ క్లాసులో పాసై మరీ విశాఖ గుమ్మాల్లో దిగుతున్నాయే, ఆ శ్రమని గుర్తించినవాడు ఒక్కడైనా ఉన్నాడా?

సిలబస్ కూడా ఏమంత పెద్దది కాదు. మొదటి ప్రశ్న అయస్కాంతం. ఫ్రిజ్ తలుపుకున్న బొమ్మ పీకి కాసు మీద పెడతాం. అంటుకోలేదు కాబట్టి బంగారమే అని తేల్చేస్తాం. ఇత్తడి అంటుకోదు, రాగి అంటుకోదు, వెండీ సీసమూ అంతే. ఇక్కడ ఫెయిలయ్యేది ఇనుప బిళ్ల ఒక్కటే. అంత మొద్దు విద్యార్థిని పరీక్షకు పంపే తెలివితక్కువవాడు ఈ వ్యాపారంలో ఎక్కువ రోజులు ఉండడు. రెండో ప్రశ్న పంటి గాటు. మెత్తగా ఉంటే మేలిమి అట. సీసం బంగారం కన్నా మెత్తన. మూడోది 22 క్యారెట్లకు గుర్తైన 916 ముద్ర. ఆ మూడంకెలు కొట్టడానికి ఒక ఉక్కు అచ్చు, ఒక సుత్తి చాలు.

కొందరు చదువుకున్నవాళ్లు స్వచ్ఛత ముద్ర (హాల్‌మార్క్) వేసిన ప్రతి నగకూ విడిగా ఇచ్చే ఆరు అక్షరాల నంబరు హెచ్‌యూఐడీ అడుగుతారు. నగలకు 2023 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి. నాణేలకు హాల్‌మార్కింగ్ నుంచి మినహాయింపు ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అందుకే నకిలీ కాసు ఎవరి ఉంగరం నంబరో అప్పు తెచ్చుకుని ఒంటిమీద పొడిపించుకుంటుంది. ఆ ముద్ర వ్యవహారం చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే పచ్చగా వివరాలు వస్తాయి, మనం మురిసిపోతాం. కాస్త కిందికి జరిపి వస్తువు రకం దగ్గర ఏం రాశారో చదివితే 'ఉంగరం' అని ఉంటుంది. చేతిలో ఉన్నది గుండ్రంగానే ఉంది కదా అని సర్దుకుపోయేవాళ్లూ లేకపోలేదు.

ఇక విక్రేత అబద్ధం ఆడాడనే ఆరోపణ. ఇది శుద్ధ అపవాదు. ఫొటో కింద '24 క్యారెట్' అని పెద్దక్షరాల్లో ఉన్నమాట నిజమే. పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో 'గోల్డ్ ప్లేటెడ్' అనో, 'గోల్డ్ టోన్' అనో, 'పూజా కాయిన్' అనో కూడా ఉంటుంది. పూత 24 క్యారెట్లదే, లోపలి ఇత్తడి క్యారెట్ల గురించి ఆయన మాటివ్వలేదు. వన్ గ్రామ్ గోల్డ్ అంటే గ్రాము బంగారం కాదని తెలిసిన ఊరు మనది. ఆ గాజులు బేరమాడేటప్పుడున్న తెలివి ఫోన్ తెర ముందు ఎటు పోతుందో మరి. ధర సంగతీ అంతే. ఆ రోజు గ్రాము ధర, దాని మీద మూడు శాతం జీఎస్టీ, తయారీ ఖర్చు కలిపిన మొత్తం కన్నా బాగా తక్కువకు అసలు బంగారం అమ్మేవాడు దాత అయినా అయ్యుండాలి, దొంగ అయినా అయ్యుండాలి. దాతలు డెలివరీ చార్జీలు అడగరు.

మా కక్షిదారు నిజంగా భయపడే ప్రశ్న ఒకటుంది. అది సిలబస్‌లో లేకపోవడం వల్లే ఇన్నాళ్లూ పరువు దక్కింది. వంటగదిలో జరిగే పరీక్షే. గ్రాములో నూరోవంతు చూపే చిన్న డిజిటల్ కాటా కావాలి. ముందు కాసు బరువు రాసుకోవాలి. తర్వాత గ్లాసు నీళ్లు కాటా మీద పెట్టి సున్నా చేసి, సన్నని దారానికి కట్టిన కాసుని నీళ్లలో పూర్తిగా ముంచి, చేత్తో వేలాడదీసి పట్టుకోవాలి. అడుగుకీ అంచుకీ తగలకూడదు. అప్పుడు కాటా చూపే అంకె కాసు ఘనపరిమాణం. మొదటి బరువుని దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. మేలిమికి 19.3, 22 క్యారెట్లకు దాదాపు 17.7, వెండికి 10.5, ఇత్తడికి ఎనిమిదిన్నర. పది గ్రాముల మేలిమి నాణెం నీళ్లలో 0.52 చూపాలి. అదే బరువు ఇత్తడి 1.18 దగ్గరికి పోతుంది. రెట్టింపు దాటిన తేడా, మొహమాటపడినా దాగదు.

పరీక్ష చేసేవాడి తప్పులూ ఉంటాయి. గాలి బుడగ అంటుకుంటే అసలు బంగారం కూడా నకిలీలా కనిపిస్తుంది. నీళ్లలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేస్తే బుడగలు నిలవవు. కాసు అడుగుకి తగిలిందా, అంకె ఒక్కసారిగా ఎగిరిపోతుంది. ఒక గ్రాము నాణేనికి ఈ కాటా ఇత్తడినీ వెండినీ పట్టిస్తుంది గానీ 22కీ 18కీ తేడా చెప్పలేదు. టంగ్‌స్టన్ సాంద్రత మేలిమికి అతి దగ్గర, 19.25. అది ఈ నీళ్లలోనూ నెగ్గుకొస్తుంది. దానికి దుకాణంలో క్యారెట్ మీటర్ ఉందిలే అనుకుంటాం గానీ, ఆ యంత్రం చూసేది పైపై పొరనే. పలచటి పూత కింది రాగి దానికి దొరికిపోతుంది. మందంగా బంగారం తొడిగితే మాత్రం యంత్రం కూడా నమస్కారం పెడుతుంది.

సీలు కార్డు గురించి చెప్పకపోతే మా వాదన అసంపూర్ణం. నాణేన్ని ప్లాస్టిక్ కార్డులో బిగించి, నంబరు వేసి, 'సీలు చింపితే వెనక్కి తీసుకోం' అని రాస్తారు. నీళ్లలో ముంచాలంటే సీలు చింపాలి, చింపితే విలువ పోతుంది. అక్షయ తృతీయ నాడు సింహాచలంలో అప్పన్న చందనం ఒలిపించుకుని నిజరూపంలో దర్శనమిస్తాడు. అదే రోజు కొన్న కాసు మాత్రం కార్డు ఒలవకుండా బీరువాలో పదేళ్లు దాక్కుని, తాకట్టు దుకాణంలో నిజరూపం చూపిస్తుంది.

బ్రిటిష్ వాళ్ల కాలం నాటి బంగారు నాణేలు, పాత సవరన్లది ఇంకో దర్జా. అసలుది 7.98 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, మందం 1.52. అదే కొలతల్లో ఇత్తడి పోస్తే నాలుగు గ్రాములు కూడా తూగదు. బరువు సరిపెడితే మందం మూడు మిల్లీమీటర్లకు చేరుతుంది. అందుకే ప్రకటనలో ఫొటోలు పదీ పెడతారు గానీ, కాటా మీదున్న ఫొటో ఒక్కటీ ఉండదు. ఐదో జార్జి బొమ్మతో బొంబాయి టంకశాల సవరన్లు కొట్టింది ఒక్క 1918లోనే. తేదీ పైన ఇంగ్లిషు ఐ అక్షరం, కింద 1915 ఉంటే ఆ నాణెం చరిత్రని కొత్తగా రాస్తున్నట్టే. పునాదులు తవ్వుతుంటే దొరికాయని వాట్సాప్‌లో వీడియో పంపేవాళ్లు మరీ ఉదారులు. పరీక్షకని ఒక నాణెం ఇస్తారు, అది అసలుదే. మూట ఇచ్చే రోజున మాత్రం... 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకి చెప్పాలి. వాళ్లు కలెక్టరు కన్నా ముందు మనకే చెప్పడం అభిమానం కాక మరేమిటి?

ఇంత చెప్పినా మోసపోయాం అంటారా? డబ్బు పోయిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, అమ్మిన వేదిక పట్టించుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం విక్రేత పేరు, చిరునామా తెర మీద ఉండాలి. అవి ఉన్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకోండి, రేపటికి ఉండవు. పార్సెల్ విప్పేటప్పుడు చిరునామా చీటీ దగ్గర మొదలుపెట్టి కాసు కాటా ఎక్కేదాకా వీడియో ఆపకూడదు. తిరిగి పంపేటప్పుడూ అంతే. లేదంటే విక్రేత తాపీగా 'మేం పంపింది మేలిమి, మీరు తిప్పి పంపింది ఇత్తడి' అని రాసిపంపుతాడు. ఇన్నాళ్లుగా నకిలీ కాసు తరఫున వాదిస్తున్న మాకే ఆ ముక్క తట్టలేదు.