పసుపు పైపు బాంబు కాదు

వారం రోజులుగా హనుమకొండ, కాజీపేట గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "గ్యాస్ లైన్ పేరుతో మన గల్లీల్లో ప్లాస్టిక్ పైపులు పాతుతున్నారు. ఆయిల్, గ్యాస్ కంపెనీలు స్టీలే వాడతాయి. రామగుండం ఎరువుల కార్ఖానాకు స్టీల్, మనకేమో బోరు పైపు. ఎండకు కరుగుతుంది, సిలిండర్ కంటే ప్రమాదం. తవ్వకాలు అడ్డుకోండి" అని. ఇరవై ఏళ్లుగా స్టీల్, ప్లాస్టిక్ రెండు రకాల పైపులూ సప్లయ్ చేస్తున్నవాణ్ణి కాబట్టి పొద్దున లేస్తే ఈ మెసేజే, దాని వెనుక ఫోన్లే.

రామగుండానికి స్టీల్ లైన్ వెళ్తుందన్నది నిజమే. పాత ఫ్యాక్టరీ బొగ్గుతో నడిచి 1999లో మూతపడింది. ఇప్పటిది గ్యాస్‌తో నడుస్తుంది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. అంత గ్యాస్‌ను కోస్తా నుంచి తోయాలంటే చాలా ఎక్కువ ప్రెషర్ కావాలి. అక్కడ ప్లాస్టిక్ ఆగదు. ఊళ్లోకి వచ్చేసరికి లెక్క మారుతుంది. సిటీ గ్యాస్ నిబంధనల ప్రకారం 49 బార్ల (బార్ అంటే ప్రెషర్ కొలత) దాకా ఉండే మెయిన్ లైన్‌కు స్టీల్ వేస్తారు. ప్రెషర్ 7 బార్ల లోపుకు దించాక పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ వాడొచ్చు. గల్లీలో మామూలుగా 4 బార్లు దాటదు. పొయ్యి దగ్గరకు వచ్చేసరికి 21 మిల్లీబార్లే, అంటే బార్‌లో దాదాపు యాభయ్యో వంతు. మీ వంటింట్లో సిలిండర్ లోపల ఎండాకాలం 5 బార్ల పైనే ఉంటుంది, మరి దాని పక్కనే నిలబడి చాయ్ కాస్తున్నాం కదా!

"బోరు పైపు" అన్నదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. ఇళ్లలో నీళ్లకు వాడే పీవీసీ గట్టిగా ఉంటుంది, దెబ్బ తగిలితే పగులుతుంది, జాయింట్‌కు సొల్యూషన్ పూస్తారు. గ్యాస్‌కు వేసేది పాలిథిలిన్, పసుపు లేదా నారింజ రంగులో, గ్యాస్ పైపుల భారతీయ ప్రమాణం ఐఎస్ 14885 ముద్రతో వస్తుంది. 63 ఎంఎం పైపుకు గోడే దాదాపు 6 మిల్లీమీటర్లు. జాయింట్‌కు గమ్ పెట్టరు. రెండు పైపులను కలిపే కప్లర్ లోపలి రాగి తీగకు మెషిన్‌తో కరెంట్ ఇస్తే పైపు, ఫిట్టింగ్ కరిగి ఒకే ముక్క అవుతాయి. మన రేగడి నేల ఎండాకాలం నెర్రెలు బారి, వానకు ఉబ్బుతుంది. ఆ కదలికకు ఈ పైపు కొంచెం వంగి సర్దుకుంటుంది.

స్టీల్ అంటే నిశ్చింత అనుకునేవాళ్లు నగరం అనే ఊళ్లో జరిగిన గ్యాస్ పేలుడు గుర్తు తెచ్చుకోండి. 2014 జూన్ 27న కోనసీమలో ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసింది తుప్పు పట్టిన 18 అంగుళాల స్టీల్ లైనే. స్టీల్ చెడ్డదని కాదు, దానికి చాకిరీ ఎక్కువ. కొత్త స్టీల్ పైపు మీదికి మూడు పొరల పూత వేస్తారు, పైపొర ఏమిటో తెలుసా? పాలిథిలినే. ఆ పూతలో సూదంత రంధ్రం ఉన్నా పట్టుకునే హాలిడే టెస్ట్ చేస్తారు, పాతాక తుప్పు పట్టకుండా చిన్న కరెంట్ పెడతారు. బ్రిటన్‌లో 2002 నుంచి ముప్పై ఏళ్ల ప్రోగ్రాం పెట్టుకుని ఇళ్ల దగ్గరి పాత పోత ఇనుప పైపులు తీసి ఈ ప్లాస్టిక్కే వేస్తున్నారు.

ఎండకు కరగడం? పాలిథిలిన్ కరగాలంటే 120 డిగ్రీలు దాటాలి. మీటరు లోతున మన మే నెల ఎండ కూడా అంత వేడి చేయదు. కానీ నెలల తరబడి ఎండలో పడేస్తే పైపు పాడవుతుంది, మంటకు ఆగదు. అందుకే గోడ మీదికి, ఇంట్లోకి జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) పైపు వేస్తారు. ఎవరైనా పసుపు పైపునే గోడ మీదుగా కిచెన్‌లోకి లాగుతుంటే, అప్పుడు అడ్డుకోండి.

"సిలిండర్ కంటే ప్రమాదం" అన్నది తలకిందులు. సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది. పైపు గ్యాస్ గాలి కంటే తేలిక, కిటికీ తెరిస్తే పైకి పోతుంది. వాసన మందు రెండింటిలోనూ కలుపుతారు. అసలు కంగారు పడాల్సింది పొయ్యి వెనుక రబ్బరు ట్యూబ్ గురించి. ఐదేళ్లకోసారి మార్చాలి, ఎంతమంది మార్చారు?

కాంట్రాక్టర్ మిగుల్చుకోవడం లేదా అంటే, ఈ సైజుల్లో ప్లాస్టిక్ చవకే, అయితే డిజైన్‌లో ఉన్నదే వేస్తున్నాడు. మోసం జరిగేది వేరే చోట. ఒకసారి ఒక సప్లయర్ ఒక లాట్ టెస్ట్ సర్టిఫికెట్‌ను ఇంకో లాట్‌కు అంటగట్టి నాకు స్టీల్ పంపాడు. పైపు మీది హీట్ నంబర్ (ఏ విడత కరిగించిన స్టీలో చెప్పే నంబర్), కాగితం మీది నంబర్ కలవలేదు, లారీని గోడౌన్ గేటు నుంచే వెనక్కి పంపాను. గల్లీలో చూడాల్సిందీ అలాంటివే. జాయింట్‌కు ముందు పైపు పైపొరను గీకుతున్నారా? చల్లారే దాకా కదపకుండా ఉంచుతున్నారా? పైపు పైన వార్నింగ్ టేప్ పరుస్తున్నారా?

ఈ లైన్లకు పెద్ద శత్రువు జేసీబీ, ఆ తర్వాత గునపం. నాకు ఈ మెసేజ్ మొదట పంపింది మా బామ్మర్దే. పోయిన నెల నల్లా కనెక్షన్ కోసం ఇంటి ముందు తవ్విస్తే పసుపు టేప్ బయటపడిందట. ఏదో కవర్ అనుకుని చింపి పక్కన పడేసి ఇంకో జానెడు తవ్వించాడు. గునపం పైపుకు తగల్లేదు కాబట్టి ఇప్పుడు తీరిగ్గా నాకు ఫార్వర్డ్‌లు పంపుతున్నాడు.