పుట్టికి, క్వింటాలుకి మధ్య ఇంటర్నెట్

నెల్లూరు జిల్లాలో వడ్ల బేరం ఇప్పటికీ పుట్టి లెక్కనే నడుస్తుంది. పుట్టి అంటే 850 కిలోలు. కేంద్రం మద్దతు ధర చెప్పేదేమో క్వింటాలుకి. 2025-26 ఖరీఫ్‌లో సాధారణ రకానికి అది 2,369 రూపాయలు. కోవూరులో కూర్చున్నా సంగంలో కూర్చున్నా ఈ అంకె ఫోన్లో నిమిషంలో దొరుకుతుంది. కళ్లంలోకి వచ్చిన దళారి మాత్రం క్వింటాలు మాటే ఎత్తడు. "పుట్టి పద్దెనిమిది వేలు, ఇస్తావా?" అంటాడు. 2,369ని ఎనిమిదిన్నరతో హెచ్చవేస్తే 20,136 పైచిలుకు వస్తుంది. ఆ లెక్క వేసుకున్న రైతు పుట్టి మీద రెండు వేలు తేడా ఉందని అక్కడికక్కడే అడుగుతాడు. వేసుకోని రైతు చేతిలోనూ అదే ఫోన్, అదే డేటా ప్యాకు. ఆయన రీల్స్ చూసుకుంటాడు.

తెలిసినంత మాత్రాన ధర వస్తుందా అంటే రాదు. తేమ, తరుగు అంటూ కోసేది కోస్తారు, అప్పున్నవాడు తక్కువకైనా తెగనమ్ముకుంటాడు. కానీ తెలియనివాడు అసలు అడగనే అడగడు.

ఇంటర్నెట్ మేలా, కీడా అన్న చర్చ స్కూల్ వ్యాసరచన పోటీల నుంచి టీవీ స్టూడియోల దాకా అరిగిపోయింది. నా మటుకు అది తేలిపోయింది, మేలే ఎక్కువ. అడంగల్, 1బీ లాంటి భూమి కాగితాల కోసం ఆఫీసు మెట్ల మీద ఎన్ని పూటలు పోగొట్టుకున్నామో నలభై దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వ వెబ్‌సైట్ మీభూమి వచ్చాక అవి ఇంట్లోనే చూసుకుంటున్నాం. 2025 జనవరి నుంచి మనమిత్ర పేరుతో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకే వచ్చాయి. ఇంకా చెప్పాలంటే పేజీలు చాలవు.

కీడు గురించి మాట్లాడేవాళ్లు మా జిల్లానే ఉదాహరణగా చూపిస్తారు. 2021 మేలో, కరోనా రెండో దశ మంచి ఊపు మీదున్నప్పుడు, ఆనందయ్య అనే నాటువైద్యుడి మందు కోసం కృష్ణపట్నానికి వేలమంది ఎగబడ్డారు. వీడియోలు ఫోన్ నుంచి ఫోన్‌కి పాకాయి, ఆయాసపడే రోగులను అంబులెన్సుల్లో తీసుకొచ్చారు. కాదనను. కానీ ఆస్పత్రిలో బెడ్డు, ఆక్సిజన్ దొరకని రోజులవి. చేపమందు కోసం ఏటా మృగశిర కార్తెకి హైదరాబాద్ రైలెక్కిన జనానికి వెనకటి రోజుల్లో వాట్సాప్ ఎవరు పంపారు? దిక్కుతోచని మనిషి ఏ కాలంలోనైనా మందు ఉందన్న చోటికి పరిగెత్తుతాడు.

అసలు దెబ్బ తగిలేది ఇంకోచోట. మా పిన్నికి పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చింది. నొక్కింది. సాయంత్రానికి ఖాతాలో 38 వేలు మాయం. సిగ్గుతో మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బు దారిలోనే ఆపే అవకాశం ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, డిగ్రీ చదివిన కొడుకుతో సహా. బ్యాంకుకి వెళ్తే "మీరే నొక్కారు కదమ్మా" అన్నారట. ఆ మాట పోయిన డబ్బు కంటే ఎక్కువ బాధపెట్టింది ఆమెని.

ఇక్కడ నాకు దూబగుంట గుర్తొస్తుంది. ఏది రాసినా చివరికి దూబగుంటకే చేరతానని మిత్రులు ఎగతాళి చేస్తుంటారు, చేసుకోనీండి. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం కలిగిరి మండలంలోని ఆ ఊరికీ వెళ్లింది. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రి బడిలో దీపం చుట్టూ కూర్చుని, సారాకు ఎదురుతిరిగిన ఆడవాళ్ల పాఠం చదివారు. మన ఊళ్లోనూ ఇంతే కదా అని ఒకామె అంది, పక్కనామె ఔనంది. అక్కడ మొదలైంది. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని ఎత్తేశారు, ఆ కడుపుమంట వేరే. చదువుకున్న ఆడవాళ్లు ఎక్సైజు ఆదాయానికి గండి కొట్టగలరని ప్రభుత్వాలకు అర్థమైంది కాబట్టే, ఆ తర్వాత వయోజన విద్య ఇంత నీరసపడిందని నా గట్టి అనుమానం.

ఆ బడిలో పాఠం ఒకటే, చదివేవాళ్లు ఇరవైమంది. ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్లది. తల వంచుకుని ఒక్కరే చూస్తారు, ఒక్కరే నమ్ముతారు, మోసపోతే ఒక్కరే ఏడుస్తారు. పిన్నికి ఆ ఫైలు వచ్చిన పూట పక్కన నలుగురుంటే ఒకరైనా "ఆగక్కా, నాకూ ఇట్టాంటిదే వచ్చింది" అని ఉండేవాళ్లు. మోసగాడికి కావలసింది ఒంటరి మనిషే. సిమ్ములు పంచాం, టవర్లు వేశాం, ఆ దీపం చుట్టూ కూర్చోవడం మాత్రం వదిలేశాం.

కొత్త పథకం, కొత్త యాప్ అక్కర్లేదు. సారా పోయాక రోజుకో రూపాయి దాచి పొదుపు ఉద్యమం నడిపింది ఈ జిల్లా ఆడవాళ్లే. ఆ సంఘాలు ఇవాళ్టికీ ఊరూరా ఉన్నాయి. మీటింగులో వాయిదాల లెక్క తేలాక ఇంకో అరగంట ఫోన్లు బయటికి తీయించండి. ఆ వారం వచ్చిన అనుమానపు మెసేజ్‌ని ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు దాని గుట్టు విప్పాలి. క్వింటాలుని పుట్టిలోకి మార్చడం కూడా అక్కడే నేర్పొచ్చు.

పిన్ని ఇప్పుడు తెలియని నంబరు నుంచి ఏదొచ్చినా ఫోన్ తీసుకెళ్లి మనవరాలి చేతిలో పెడుతోంది. ఆ పిల్లకి పదకొండేళ్లు.