మెడ నుంచి కిందికి

గవర్నర్‌పేటలో ముప్పయ్యేళ్లుగా అక్షరాలు అమ్ముకుని బతుకుతున్నాను. మొదట స్క్రీన్ ప్రింటింగ్, తర్వాత డీటీపీ, ఇప్పుడు ఫ్లెక్సీలు. ఈ విజయవాడలో ముఖం దాచిపెట్టమని నా దుకాణం మెట్లెక్కినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. పుట్టినరోజు ఫ్లెక్సీకి వచ్చినవాడు తన బొమ్మ పక్కవాడి బొమ్మ కంటే అంగుళం తగ్గిందని గొడవ పెట్టుకుంటాడు. ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలో అడుగున మేనమామలు, ఆ మేనమామల బావమరుదులు, నల్లకళ్లజోళ్లతో సహా వరసగా ఉండాల్సిందే. అశ్రునివాళి ఫ్లెక్సీ అయితే పోయినాయన బొమ్మ చిన్నది, కట్టించినవాళ్ల బొమ్మలు పెద్దవి.

అలాంటి దుకాణానికి ఆమధ్య ఒక కుర్రాడొచ్చాడు. కాసేపు రబ్బరు స్టాంపుల రేట్లడిగాడు. పక్కనున్న కస్టమర్ వెళ్లిపోయేదాకా ఆగి, గొంతు తగ్గించి, "బాబాయ్, నాకో యాడ్ రాసిపెట్టాలి. ముఖం ఉండకూడదు, పేరు ఉండకూడదు. నంబరు ఉండాలి గానీ అది నాదని ఎవరికీ తెలియకూడదు" అన్నాడు.

"ఏం వ్యాపారం నాన్నా?"

"ఎస్కార్ట్ అండీ."

కృష్ణా, గుంటూరు జిల్లాల రైతుబిడ్డకి ఆ మాట వింటే ముందు ట్రాక్టర్ గుర్తొస్తుంది. మా నాన్న హయాంలో ఎస్కార్ట్ అంటే పొలంలో దమ్ము చేసేది. రాష్ట్రం విడిపోయి రాజధాని ఇటొచ్చాక, మంత్రిగారి ముందు సైరన్ వేసుకుపోయే బండి ఎస్కార్ట్ అయింది. ట్రాక్టర్ అమ్మేవాడిలా లేడు కాబట్టి, "ఏ మంత్రిగారికి?" అన్నాను. కుర్రాడు తల దించుకున్నాడు. ఆ మాటకి మూడో అర్థం కూడా మన ఊరికి వచ్చేసిందని అప్పుడు తెలిసింది.

ఏజెన్సీ లేదట, మధ్యవర్తి లేడట, ఎవడికీ కమిషన్ ఇవ్వడట. తన వేళలు తనవి, తన రేటు తనది. స్వయం ఉపాధి గురించి మన నాయకులు మైకుల్లో చెప్పేదంతా ఈ కుర్రాడు అక్షరాలా పాటిస్తున్నాడు. శాలువా కప్పేవాళ్లు మాత్రం లేరు. నేను వృత్తిధర్మంగా కాగితం తీసుకుని మొదటి లైను రాసేశాను: "మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు."

రాసే ముందు చట్టం చూడాలి కదా. తెలిసిన వకీలు గుమాస్తా దగ్గర పుస్తకం తెప్పించాను. వ్యభిచారం మీద వచ్చిన 1956 నాటి చట్టం పేరులోనే మొదట స్త్రీలు, బాలికలు ఉన్నారు. 1986లో సవరించి అందరికీ వర్తించేలా "వ్యక్తి" అన్నారు. మగవాడు కూడా ఇందులో ఉండొచ్చని పార్లమెంటుకి తోచడానికి 30 ఏళ్లు పట్టిందన్నమాట. ఈ పని చెయ్యడమే నేరమని చట్టం ఎక్కడా అనలేదు. జనాన్ని పిలవడం మాత్రం నేరమంది. కిటికీ దగ్గరో బాల్కనీలోనో కూర్చుని మాటతోనో సైగతోనో పిలిస్తే, ఆడమనిషికి మొదటిసారి ఆరు నెలల దాకా శిక్ష. అదే మగవాడు పిలిస్తే ఏడు రోజులకు తగ్గకుండా మూడు నెలల దాకా. ఆంధ్రప్రదేశ్‌లో బస్సు ఆడవాళ్లకి ఉచితం, జైలు మగవాళ్లకి సగం టికెట్.

అసలు తమాషా 7వ సెక్షన్‌లో ఉంది. గుడికీ, బడికీ, హాస్టల్‌కీ, ఆస్పత్రికీ, నర్సింగ్ హోమ్‌కీ 200 మీటర్ల లోపల ఈ పని పనికిరాదు. మంచి నియమమే. మా అబ్బాయి పాత జామెట్రీ బాక్సులోంచి కంపాస్ తీసి, ఊరి మ్యాపు బల్ల మీద పరిచి, ఇద్దరం కూర్చుని గుండ్రాలు గీశాం. సూర్యారావుపేటలో పెన్సిల్ మొన పెట్టడానికి కూడా చోటు దొరకలేదు, అంతా నర్సింగ్ హోములే. సత్యనారాయణపురంలో ఒక గుడి గుండ్రం అయ్యేలోపే ఇంకో గుడి గుండ్రం మొదలైంది. పోరంకి, నిడమానూరు వైపు పోదామంటే కాలేజీలూ వాటి హాస్టళ్లూ. కాపురాన్నే గుంటూరుకి మార్చేస్తానన్నాడు. కొత్తపేటలో పెట్టి చూశాం, ఆస్పత్రి. బ్రాడీపేట లైన్లలో పెట్టాం, కింద కోచింగ్ సెంటర్, పైన హాస్టల్. చివరికి మ్యాపులో తెల్లగా మిగిలిన చోటు ఒక్కటే, కృష్ణానది. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. అంటే దానికి కాస్త ఎగువన నడిమధ్య నిలబడితే అటు గట్టుకీ ఇటు గట్టుకీ ఆరొందల మీటర్లుంటుంది, చట్టం నీ జోలికి రాదు. కాకపోతే పడవ కావాలి. 2024 సెప్టెంబరు వరదలో బ్యారేజీని గుద్దుకున్నప్పటి నుంచీ ఈ ఊళ్లో పడవలకి మంచి పేరు లేదు.

"యాడ్ సంగతి చూద్దాం బాబాయ్" అన్నాడు, కంపాస్ మడిచేస్తూ. ఫోన్లో ఫొటో చూపించాడు. మెడ దాకా కత్తిరించేశాడు. చొక్కా లేదు. ఒళ్లు బాగానే పెంచాడు, జిమ్ డబ్బులు వృథా పోలేదు. తల లేదు కాబట్టి తననెవరూ గుర్తుపట్టరని వాడి ధీమా.

నేను కళ్లజోడు పెట్టుకుని చూశాను. వెనక గోడకి కేలండర్ ఉంది. పైన దుర్గమ్మ, కింద పటమటలో ఒక కిరాణా కొట్టు పేరు, రెండు సెల్ నంబర్లు. ఎడమ చేతి మీద తెలుగులో "అమ్మ" అని పచ్చబొట్టు. ఓరగా పెట్టిన బైకు వెనక్కి తిరిగి ఉంది, నంబరు ఏపీ 16తో మొదలు, అంటే పాత కృష్ణా జిల్లా బండి. (2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని పెట్టి జిల్లా గుట్టు దాచిన ప్రభుత్వానికి ఈ రంగం రుణపడి ఉంది.) అన్నిటికంటే ముఖ్యం, మెడకి కుడివైపున కందిగింజంత పుట్టుమచ్చ.

"ఇది పదో తరగతి సర్టిఫికెట్లో ఉందా?" అన్నాను.

కుర్రాడి మొహం మాడిపోయింది. మన దగ్గర టెన్త్ సర్టిఫికెట్లో గుర్తింపు చిహ్నాలని రెండు పుట్టుమచ్చలు రాయిస్తారు కదా. హెడ్ మాస్టారు గుమాస్తాని పక్కన పెట్టుకుని, పిల్లవాడి కాలరు పక్కకి లాగి, ఇంకుతో రాయించిన మచ్చ అది. రికార్డులో ఉన్న మచ్చని బయటపెట్టి, ముఖాన్ని మాత్రం కత్తిరించుకొచ్చాడు వీడు.

ఇంకా ఉంది. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపకపోతే ఫొటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఆ ఫైల్లోనే దాక్కుని ఉంటుంది, ఫైలు ఉన్నదున్నట్టుగా పంపితే అదీ వెంటపోతుంది. ఇన్‌స్టాలో పెట్టిన ఫొటోనే ఇక్కడా వాడితే గూగుల్ లెన్స్ రెండిటినీ కలిపి పసుపుతాడు కట్టేయొచ్చు. ఇవన్నీ చెప్పి కేలండర్ తీయించాను, బైకు తీయించాను, పచ్చబొట్టు మీద తువ్వాలు వేయించాను. మచ్చ ఒక్కటీ ఫొటోషాప్‌లో నేనే తుడిచాను. అన్నీ పోయాక మిగిలిన బొమ్మ బట్టల షాపు బొమ్మలా ఉంది. "ఇప్పుడిది నేనేనా?" అన్నాడు. కాదన్నందుకే ఇక్కడ డబ్బులు తీసుకుంటానని చెప్పాను.

నంబరు సంగతి ఇంకా కష్టం. రెండో సిమ్ తీసుకున్నాడు, అది కూడా ఆధార్ మీదే. నెల తిరిగేసరికి ట్రూకాలర్లో వాడి పేరు "నైట్ అబ్బాయ్ పటమట" అని వచ్చింది. మనం అందులో చేరి పేరు పెట్టుకోకపోతే, నలుగురూ తమ ఫోన్లలో ఏమని సేవ్ చేసుకుంటే అదే పేరు. మన ఊళ్లో పూర్వం నుంచీ పేర్లు అలాగే పడతాయి, కొత్తేమీ కాదు. ఇక ఫోన్‌పేలో డబ్బులు వేయించుకుంటే బ్యాంకులో ఉన్న పేరు ఇంటిపేరుతో సహా అవతలివాళ్లకి కనపడుతుంది. మన దగ్గర ఇంటిపేరంటే ఉత్త పేరా? తాత ఊరు, కులం, ఎవరింటి అల్లుడో కూడా అందులోనే ఉంటాయి. చేతికి నగదే తీసుకోమన్నాను.

ఏకాంతం ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా, 547 పేజీల్లో చెప్పారు. వాడి ఎదురింటి పిన్నిగారు అందులో ఒక్క పేజీ చదవలేదు. "రాత్రి పదింటికి సెంటు కొట్టుకుని ఎక్కడికి బాబూ?" అని గేటు దగ్గరే అడుగుతుంది. ఇష్టపూర్వకంగా ఈ పనిలో ఉన్న పెద్దవాళ్ల జోలికి పోలీసులు పోవద్దని, దాడులప్పుడు వాళ్ల ముఖాలూ వివరాలూ బయటపెట్టకుండా మీడియా జాగ్రత్తపడాలని 2022 మే నెలలో అదే కోర్టు చెప్పింది. మన యూట్యూబ్ చానళ్లు దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాయి. ముఖానికి బ్లర్ వేస్తాయి. తర్వాత ఫలానా పేట, ఫలానా రంగు మేడ, తండ్రి పాల వ్యాపారం, తమ్ముడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం అని గొంతు పెంచి చదువుతాయి.

అసలు ఈ రంగంలోకి ఎలా వచ్చావని అడిగితే నవ్వాడు. రైలు పెట్టెలో అంటించిన కాగితం చూసి, "మగవాళ్లకి పార్ట్ టైమ్" అంటే ఫోన్ చేశాడట. రిజిస్ట్రేషన్‌కి కొంత, మెడికల్ సర్టిఫికెట్‌కి కొంత, ఐడీ కార్డుకి కొంత కట్టించుకుని, చివరికి క్లయింటు హోటల్ రూములో ఎదురుచూస్తోంది, రూము అద్దె కూడా వెయ్యమన్నారట. ఆవిడ ఈనాటికీ ఎదురుచూస్తూనే ఉంది. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యకపోయావా అంటే, "ఏమని చెప్పమంటారు బాబాయ్?" అన్నాడు. గోప్యత ఈ రాష్ట్రంలో పక్కాగా కాపాడబడుతున్నది ఆ మోసగాళ్లదే. ఆ దెబ్బతోనే వీడు స్వతంత్రుడయ్యాడు.

యాడ్ వెళ్లిన మూడో వారం మళ్లీ వచ్చాడు, దిగాలుగా. లబ్బీపేట నుంచి ఒకావిడ ఫోన్ చేసిందట. పేరు చెప్పలేదు. వాట్సాప్‌లో మెసేజీలు 24 గంటల్లో మాయమయ్యేట్టు పెట్టుకుంది. ముప్పావుగంట మాట్లాడి, రోజు కుదిరి, చోటు కుదిరి, రేటు కుదిరాక, ఫోన్ పెట్టేసే ముందు, "ఏమీ అనుకోకు బాబూ, మీరేమిట్లు?" అందట.

"చెప్పావా?"

"చెప్పానండీ."

"ఏమంది?"

"పెట్టేసిందండీ."

ఆధార్ కార్డులో కూడా లేని గడి అది. నేను వాడికి ఎన్ని జాగ్రత్తలు చెప్పానో, అందులో ఈ ఒక్కటీ చెప్పలేదు. వృత్తిపరంగా నా లోపమే, ఒప్పుకుంటున్నాను.

ఆవేళ ఇంకో సంగతి కూడా అడిగాడు. ఇంటికి నెలనెలా డబ్బు పంపిస్తున్నాడు, అమ్మ మాత్రం వాడు ఈవెంట్ల కంపెనీలో ఉన్నాడనుకుంటోంది. ఇలా అబద్ధం చెప్పడం పాపమా అని వాడి బెంగ. నేను మళ్లీ పుస్తకం తీశాను. 4వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి సంపాదన మీద 18 ఏళ్లు నిండిన మరో మనిషి తెలిసి బతికితే రెండేళ్ల దాకా జైలు. "తెలిసి" అన్న మాట కింద పెన్సిల్‌తో గీత గీసి చూపించాను. నువ్వు చెప్పిన రోజున మీ అమ్మ తినే అన్నం నేరమవుతుంది నాయనా, ఈవెంట్ల కంపెనీ అన్నది అబద్ధం కాదు, మీ అమ్మకి ముందస్తు బెయిలు అన్నాను. వాడు చాలాసేపు ఆ గీత వంకే చూస్తూ కూర్చున్నాడు. టీ తెప్పించినా తాగలేదు.

మళ్లీ మాఘమాసం ముందు కనపడ్డాడు. పక్కన వాళ్లమ్మ. నన్ను చూసి, "ఈ షాపెప్పుడు పెట్టారండీ, చూడనే లేదు" అన్నాడు. ఈమధ్యేనండీ అన్నాను. ఇద్దరికీ ట్రైనింగ్ బాగానే అయింది.

ఆవిడ సంచీలోంచి కాగితాలు తీసింది. పెళ్లి బయోడేటా చెయ్యాలి. పేరు, ఇంటిపేరు, గోత్రం, పుట్టిన తేదీ, నిమిషాలతో సహా పుట్టిన వేళ, ఎత్తు, రంగు, జీతం, రెండెకరాల మాగాణి, పటమటలో రెండు వందల గజాల స్థలం సర్వే నంబరుతో సహా, కట్నం గురించి పెద్దలు మాట్లాడతారన్న ముక్క, కింద మూడు ఫోన్ నంబర్లు. పేటలో ఉన్న వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపిస్తుందట. మా పెళ్లిళ్ల పేరయ్యకి వంద కాపీలు విడిగా, కలర్లో.

"ముఖం పెద్దది చెయ్యి బాబూ, నలుగురికీ బాగా కనపడాలి" అంది.

చేశాను. స్క్రీన్ నిండా ముఖమే వచ్చింది. మంచి కళ గల ముఖం, నేను పరీక్షగా చూడటం అదే మొదటిసారి. కింద మెడకి కుడివైపున కందిగింజంత మచ్చ. మౌస్ అటు జరిపి కుర్రాడి వంక చూశాను. తియ్యమన్నట్టు కళ్లతో సైగ చేశాడు.

"అయ్యో, అది తియ్యకు బాబూ" అంది వాళ్లమ్మ. "మెడ మీద మచ్చ ఉన్నవాడికి డబ్బుకి లోటుండదని పంతులుగారు చెప్పారు. ఇంకొంచెం నల్లగా వచ్చేట్టు చెయ్యి."