బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టి చూడండి

పాత బైకులో బ్యాటరీ తరచూ దిగిపోతుంటే కొత్తది వేయించుకోమని మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ మాట సరిచేయండి. మా నాన్నగారి పాత 12 వోల్టుల బండికి నేను ఏడాదిన్నరలో రెండు బ్యాటరీలు మార్చాను. తప్పు బ్యాటరీకి వెళ్లే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ది.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన మల్టీమీటర్ పెట్టి ఐదు నిమిషాల్లో తేల్చేశారు. బండి ఆపి ఉన్నప్పుడు ఫుల్ చార్జ్ బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపాలి, రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్య నిలబడాలి. మాది 16 దాటింది. డిస్టిల్డ్ వాటర్ ఎన్నిసార్లు పోసినా ఎందుకు ఆవిరైపోతోందో అప్పుడర్థమైంది! రేజ్ చేసినా వోల్టేజీ అసలు పెరగకపోతే ఇంజన్‌లో కరెంటు పుట్టించే స్టేటర్ కాయిల్, ఎర్త్ వైరు, వైర్లను కలిపే కప్లర్ చూడాలి. కప్లర్ పిన్నులు నల్లబడితే ముందు అవే మార్చండి, ఖర్చు తక్కువ.

పాత బల్బు తీసి ఎల్‌ఈడీ హెడ్‌లైట్ పెడితే చాలని అదే వ్యాసంలో రాసింది కూడా సగమే నిజం. చాలా పాత బళ్లలో హెడ్‌లైట్ నేరుగా కాయిల్ నుంచి వచ్చే ఏసీ (దిశ మారుతూ ఉండే) కరెంటు మీద వెలుగుతుంది, అక్కడ ఎల్‌ఈడీ మినుకుమినుకుమంటుంది. కాయిల్‌లో బాడీకి ఎర్త్ చేసిన కొసను విప్పి, రెండు కొసల్నీ విడి వైర్లుగా బయటికి తెచ్చి, ఆ ఏసీ మొత్తాన్నీ బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే ఫుల్‌వేవ్ రెగ్యులేటర్ బిగించి, లైటును బ్యాటరీ లైనుకి కలపాలి. పాత రెగ్యులేటర్ దీనికి పనికిరాదు. కొత్తదాన్ని గాలి తగిలేచోట బిగించండి. మిగులు కరెంటును అది వేడిగా వదిలేస్తుంది. మన మే నెల ఎండల్లో సీటు కింద దాస్తే ఎక్కువ కాలం బతకదు.