పులిసిన ఎర, పడని చేప

బెంగళూరులో సెలవు రోజుల్లో గాలపు కర్ర పట్టుకుని చెరువు గట్లకు వెళ్లే పెద్దమనుషులను ‘ఈ సీజను ఎలా ఉంది?’ అని అడిగి చూడండి, చేపల గురించి తప్ప అన్నిటి గురించీ చెబుతారు. వానలు వెనకబట్టాక నీళ్లు ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నాయనీ, గాలి ఇంకా తూర్పు నుంచే వీస్తోందనీ, పౌర్ణమి దాటితే చేపకు ఆకలి పుడుతుందనీ ఓపికగా వివరిస్తారు. చెరువు నిండితే చేప చెదిరిపోయిందంటారు, తగ్గితే బెదిరిపోయిందంటారు, నిండకుండా తగ్గకుండా ఉంటే గట్టు మీద ఎవరో గట్టిగా మాట్లాడారంటారు. ఈ శాస్త్రంలో మా బావగారిని మించినవారు కృష్ణరాజపురం చుట్టుపక్కల ఎక్కడా లేరు.

ఆయన సొంత ఊరు కైకలూరు పక్కన. కొల్లేటి చుట్టూ వరిచేలు చేపల చెరువులైపోయిన ఆ ప్రాంతం నుంచి బొచ్చె, శీలావతి మంచు పెట్టెల్లో పడుకుని లారీలెక్కి బెంగాలు దాకా వెళ్తాయి. అక్కడ ఉన్నంత కాలం ఆయన చేప వంక కన్నెత్తి చూడలేదనీ, కంచంలో వడ్డిస్తే ముల్లుందని పక్కకు నెట్టేవారనీ మా అక్కయ్య చెబుతుంది. అలాంటి మనిషికి సముద్రమట్టానికి 900 మీటర్ల పైన, చెప్పుకోదగ్గ నది ఒక్కటీ లేని ఈ ఊళ్లో, పదకొండో అంతస్తు ఫ్లాటులో స్థిరపడ్డాక చేపల మీద మోజు పుట్టింది. రాడ్డు వచ్చింది, రీలు వచ్చింది, వాటిని మోయడానికి ఆదివారాలు ఖాళీగా ఉండే బావమరిది ఎలాగూ ఉన్నాడు.

ఈ ఊరికి చెరువులకైతే కొదవ లేదు, కెంపేగౌడ కాలం నుంచీ తవ్విస్తూనే ఉన్నారు. అయితే వాటిలో చాలా చోట్ల చేపలు పట్టరాదన్న బోర్డు గట్టు ఎక్కగానే ఎదురవుతుంది, కొన్నిచోట్ల పట్టే హక్కును అప్పటికే ఎవరో వేలంలో పాడుకుని ఉంటారు. బెళ్లందూరు చెరువు నురగ కక్కడమే కాక నిప్పు కూడా అంటుకున్న సంగతి దేశమంతా చూసింది కాబట్టి అటువైపు గాలం వేయడానికి బావగారికి కూడా ధైర్యం చాలలేదు. హలసూరు చెరువులో 2016 మార్చిలో చేపలు గుట్టలుగా వాటంతటవే పైకి తేలాయి గానీ, అవి ఎవరి ఖాతాలోకీ రావు. ఇవన్నీ పోగా మిగిలిన నీళ్లలో గాలానికి తగిలేవి ఎక్కువగా రెండు రకాలు: ఇక్కడివారు జిలేబీ అని పిలిచే తిలాపియా ఒకటి, దేశంలో పెంచకూడదని నిషేధించినా ఏ మురుగులోనైనా హాయిగా బతికేసే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఇంకొకటి. రెండూ పరదేశం నుంచి వచ్చి స్థిరపడినవే కాబట్టి, వాటిని తప్పుపట్టే అర్హత మా అపార్ట్‌మెంటులో ఎవరికీ లేదనుకోండి.

నిజానికి బావగారి చూపు కావేరి మీద ఉండేది. కావేరిలో కలిసే కబిని నదిలో 1946లో 120 పౌండ్ల, అంటే సుమారు 54 కిలోల మహసీర్ చేప గాలానికి పడిందనీ, పట్టినాయన మైసూరులో పులి చర్మాలకు ప్రాణం పోసినట్టు నిలబెట్టే వాన్ ఇంగెన్ కుటుంబంవాడనీ ఆయన ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ కాఫీతోపాటు అందించేవారు. కావేరి ఒడ్డున భీమేశ్వరి, గాలిబోరే దగ్గర ఒకప్పుడు గాలం క్యాంపులు నడిచేవి. నిమ్మకాయంత రాగి ముద్దను చిన్న చేపలు కొరికి పారేయకుండా గట్టిగా ఉడకబెట్టి ఎరగా గుచ్చేవారు, పడ్డ చేపను తూచి, ఫొటో తీసి నీళ్లలోకి వదిలేసేవారు. ఆ చోట్లు అభయారణ్యంలో ఉన్నందున గాలం వేయడం ఆపేశారు. ఆ మూపురం మహసీర్ జాతి అంతరించిపోయే అంచుకు చేరిందని 2018లో ప్రకటించారు కూడా. గాలం ఆపిన నిర్ణయాన్ని బావగారు మనస్ఫూర్తిగా సమర్థించారు గానీ, రాగి ముద్ద ఉపాయాన్ని మాత్రం వదులుకోలేక, మా మదనపల్లె అలవాటు ప్రకారం మా అక్కయ్య మధ్యాహ్నానికి కెలికిన సంగటిని డబ్బాలో పెట్టుకుని హొసకోటె దాటి ఒక చెరువుకు తీసుకువెళ్లారు. ఆ రోజు సంగటి తిన్నది నేనే. కావేరి నీళ్లు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపుల మీద కొండెక్కి మన కుళాయిలోకి వస్తున్నా చేపలు మాత్రం రావడం లేదంటే, వాటిని దారిలో ఎక్కడో దింపేస్తున్నారని బావగారు తిరిగివచ్చేటప్పుడు కారులో అన్నారు.

ఆ తరువాత ఆయన డబ్బు కట్టి గాలం వేసుకునే ప్రైవేటు చెరువుకు మారారు. అక్కడ బొచ్చె, శీలావతి తెచ్చి వదులుతారని యజమాని చెబుతాడు, వదలగా తానెప్పుడూ చూడలేదని కాపలాదారు చెబుతాడు. అలాంటి చోట మామూలు పిండి పనిచేయదనీ, పులిసిన ఎర కావాలనీ, దాని వాసన నీళ్లలో పాకి చేపను ఇంటి నుంచి పిలుచుకు వస్తుందనీ బావగారికి ఎవరో నూరిపోశారు. వేరుశనగ చెక్క నానబెట్టి, వేయించిన తవుడు కలిపి, బెల్లం దంచి పోసి, వేయించిన మెంతుల పొడి దోసిళ్లతో చల్లి, చివరికి బేకరీ నుంచి అడిగి తెచ్చిన ఈస్టు పడేసి, మా అమ్మ ఆవకాయ పంపిన ప్లాస్టిక్ డబ్బాలో కూరి, మూత బిగించి బాల్కనీలో ఎండ తగిలేచోట ఉంచారు. ఈస్టు బెల్లాన్ని తిని వాయువును వదులుతుందని బడిలో చదువుకున్నదే. ఆ వాయువు బయటికి పోవడానికి దారి ఉండాలన్నది మాత్రం ఆ డబ్బాకు గిట్టని సంగతి, ఎందుకంటే బస్సులో ఎంతసేపు దొర్లినా నూనె చుక్క కారనివ్వని మూత అని దాని పేరు.

ఆదివారం తెల్లవారకముందే లిఫ్టు ఎక్కాం. రాడ్లు ఆయన చేతిలో, డబ్బా నా చేతిలో. మూత పూరీలా పొంగి ఉందని నేను అన్నాను. ‘ఎర తయారైందన్నమాటయ్యా’ అని ఆయన సంతోషించారు. ఆరో అంతస్తు దాటుతుండగా కరెంటు పోయింది. జనరేటరు అందుకునేదాకా లిఫ్టు చీకట్లో ఆగుతుందని మాకు తెలుసు కాబట్టి కంగారు పడలేదు గానీ, ఆ నిశ్శబ్దంలో డబ్బా లోపలి నుంచి సన్నగా, తెరలు తెరలుగా ఒక కూత వినిపించసాగింది. ‘కొంచెం గాలి తీద్దాం, పావు తిప్పు చాలు’ అంటూ బావగారు చీకట్లో చేయి చాచి మూత మీద పెట్టారు. పావు తిప్పు కూడా అవసరం కాలేదు.

దీపం వెలిగాక చూస్తే, డబ్బాలో ఉండవలసినదాంట్లో సగం లిఫ్టు పైకప్పుకు అంటుకుని, అక్కడి నుంచి తొందరేమీ లేనట్టు ఒక్కొక్క ముద్దగా దిగుతోంది. అద్దం మీద తవుడు, మీటల మీద బెల్లం పాకం, ‘బరువు పరిమితి 8 మంది’ అన్న రేకు మీద చెక్క. కిందికి చేరేలోగా బావగారి తువ్వాలు, నా తువ్వాలు, కారు తుడిచే గుడ్డ అన్నీ అయిపోయాయి. కంటికి కనిపించేదంతా తుడిచాం గానీ, వాసనను తుడవడానికి గుడ్డ లేదు. స్నానం చేసి మళ్లీ బయలుదేరుదామని మెట్ల మీదుగా పైకి ఎక్కాం.

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఏ దుర్వాసన వచ్చినా నేరం ముందే రుజువైపోయి ఉంటుంది. ముద్దాయి నేలమాళిగలో ఉంటుంది, దాని పేరు ఎస్‌టీపీ. వంద ఫ్లాట్ల మురుగునీటిని శుద్ధి చేసి మొక్కలకు, ఫ్లష్‌లకు పంపే ఆ యూనిట్ మీద అందరికీ ఎప్పుడూ ఏదో ఒక ఫిర్యాదు ఉంటుంది కాబట్టి, పాల ప్యాకెట్లకు దిగినవారు లిఫ్టు తలుపు తెరుచుకోగానే సెక్రటరీగారికి ఫోను చేశారు. మేము బట్టలు మార్చుకుని వచ్చేసరికి కింద పాతికమంది ముక్కుకు చేతులు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. గాలి ఊదే బ్లోయరు రాత్రి ఆగిపోయి ఉంటుందనీ, ఆ వాయువు లిఫ్టు గుంతలోంచి పైకి తన్నుకొచ్చిందనీ రెండో అంతస్తు ఇంజనీరుగారు గోడ మీద వేలితో బొమ్మ గీసి చూపించారు. మా బావగారు కమిటీ సభ్యులు కూడా. ఆయన మౌనంగా ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు. ఇలాంటి నిర్లక్ష్యాన్ని ఎంతమాత్రం ఉపేక్షించరాదనీ, కాంట్రాక్టరు బిల్లు ఆపాలనీ ఆయన అందరికంటే గట్టిగా అన్నారు.

ఎస్‌టీపీ ఆపరేటరు రిజిస్టరు చంకలో పెట్టుకుని పైకి వచ్చాడు. ముళబాగిలు వైపు మనిషి, పెద్దగా మాట్లాడే రకం కాదు. సెక్రటరీగారు చదివిన ఆరోపణలన్నీ విని, రిజిస్టరు తెరవకుండానే లిఫ్టులోకి వెళ్లి, తల ఎత్తి పైకప్పు వాసన చూసి, మూలన మేము చూడని ఒక ముద్దను గోటితో గీకి వేళ్ల మధ్య నలిపాడు.

‘ఇది మా ట్యాంకు వాసన కాదు సార్. మాది ఇంత తియ్యగా ఉండదు. ఇది శెనక్కాయ చెక్క, తవుడు, బెల్లం. మూడు నాలుగు దినాలు పులిసింది. మెంతులు జాస్తి ఏసినారు.’

జనం నిశ్శబ్దమయ్యారు. ఆ మనిషి మెల్లగా వెనక్కి తిరిగి, ఎవరినీ పేరు పెట్టకుండా, మా బావగారి ఎడమ చెవి వెనక భాగాన్ని చూస్తూ, ‘బొచ్చెకా సార్, శీలావతికా?’ అని అడిగాడు. బావగారి చేయి దానంతటదే చెవి వెనక్కి వెళ్లింది. అక్కడ బఠానీ గింజంత ఎర ఇంకా మెత్తగానే ఉంది.

ఆ సాయంత్రం అత్యవసర సమావేశంలో, పులిసే, పులియబోయే, పులిసినట్టు అనుమానం కలిగించే ఏ పదార్థాన్నీ లిఫ్టులో తీసుకువెళ్లరాదని తీర్మానించారు. ఇడ్లీ పిండి సంగతేమిటని నాలుగో అంతస్తు మామిగారు అడగడంతో చర్చ రాత్రి తొమ్మిదిన్నర దాకా సాగి, గ్రైండరు నుంచి అదే రోజు తీసిన పిండికి మినహాయింపు దొరికింది. లిఫ్టు శుభ్రం చేయించిన ఖర్చును బావగారి ఖాతాలో వేశారు. కాంట్రాక్టరు బిల్లు ఆపాలన్న ప్రతిపాదన ప్రతిపాదించినవారే ఉపసంహరించుకున్నందున వీగిపోయింది.

మరుసటి ఆదివారం ఆపరేటరును కూడా మాతో చెరువుకు రమ్మని బావగారు బతిమాలారు. అతను మా సరంజామానంతా ఒకసారి కలయజూసి, ఎర ఎంత లోతుకు వదులుతున్నారని అడిగాడు. అడుగు తగిలేదాకా అని బావగారు గర్వంగా చెప్పారు. ‘బొచ్చె నోరు పైకి తిరిగుంటుంది కదా సార్, అది పైపైన తింటుంది. శీలావతి నడిమిన తింటుంది. అడుగున తినేది మోసు. ఈ చెరువులో మోసు ఏసినారా?’ అని అతను కాపలాదారును అడిగితే, తనకు తెలిసి ఈ మధ్య ఏమీ వేయలేదని కాపలాదారు నిజాయితీగా చెప్పాడు. అప్పుడతను గట్టు పక్క తడిమట్టి తవ్వి వానపామును తీసి, ఒక వెదురు పుల్లకు దారం కట్టి, దారానికి నెమలి ఈక కాడ ముక్కను బెండుగా బిగించి, గట్టుకు మూరెడు దూరంలో వదిలాడు. బెండు రెండుసార్లు తల ఊపి పక్కకు జరిగి మునిగింది. భోజనాల వేళకు జిలేబీలు మూడు వచ్చాయి, మూడూ వెదురు పుల్లకే. బావగారి కార్బన్ రాడ్డు కూడా ఆ రోజంతా ఖాళీగా లేదని న్యాయంగా చెప్పాలి. అది ఒకసారి నా టోపీని, ఒకసారి తుమ్మకొమ్మను పట్టుకుంది.

ఆ మూడు చేపలనూ అతను బావగారికే ఇచ్చేశాడు. అక్కయ్య వాటిని తూచి, రాడ్డు, రీలు, చెరువు రుసుము, పెట్రోలు, ఈస్టు, తువ్వాళ్లు, లిఫ్టు జరిమానా అన్నీ కూడి భాగిస్తే, కిలో జిలేబీ ధర మా అపార్ట్‌మెంటు మెయింటెనెన్సును దాటిందని తేలింది. ఆ మాట ఫోనులో వాళ్ల అత్తగారి చెవిన పడేయడం ఒక్కటే ఆమె చేసిన పని. నాలుగు రోజులు తిరగకుండా కైకలూరు నుంచి రాత్రి బస్సులో థర్మోకోల్ పెట్టె దిగింది. లోపల మంచు మధ్య ఆరు కిలోల బొచ్చె. బావగారు దాన్ని భుజానికెత్తుకుని, తీర్మానంలో మంచు మాట లేదని చెప్పి, దర్జాగా లిఫ్టు ఎక్కారు. పెట్టె మూల పగిలి ఉందన్న సంగతి పదకొండో అంతస్తు చేరాక గానీ తెలియలేదు.

ఈసారి సెక్రటరీగారు ఎవరినీ ఆరోపించలేదు, నేరుగా ఆపరేటరును వెంటబెట్టుకుని మా తలుపు కొట్టారు. తలుపు తీయగానే వంటింటి గట్టు మీద పొడవుగా పడుకున్న బొచ్చెను చూసి ఆయన కోపం సగం చల్లారింది. ‘మీరే పట్టారా?’ అని అడిగారు. మా చెరువుదేనని బావగారు అటూ ఇటూ కాకుండా చెప్పి ఊరుకున్నారు. ఆపరేటరు దగ్గరికి వచ్చి మొప్ప ఎత్తి ఎరుపు చూశాడు, బొటనవేలితో పై పెదవిని తడిమాడు, కింది పెదవిని తడిమాడు.

‘మంచి చేప సార్. నోట్లో గాలం గుర్తు మాత్రం లేదు’ అన్నాడు.

బావగారు ఏ మాత్రం తొణకకుండా, రాత్రంతా మంచులో ఉంది కదా, మానిపోయిందన్నారు.